కోరాపుట్ గెడ్డ మడులు: గేటు లేదు, టికెట్ లేదు, మరి చూసేదేంటి?

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో పొట్టంగి మీదుగా సిమిలిగుడ వైపు పోతుంటే, ముఖ్యంగా దీపావళి అయిపోయాక, రోడ్డుకి రెండు పక్కలా కొండవాలు మీద పసుపు ఆరబోసినట్టు కనబడుతుంది. వైజాగ్ నుంచి విజయనగరం నుంచి వచ్చే కార్లూ బైకులూ అన్నీ అక్కడ ఆగుతాయి, జనం దిగుతారు, పూలల్లోకి దిగి ఫొటోలు తీసుకుంటారు, నేచర్ అంటే ఇదీ అని స్టేటస్ పెట్టేసి దేవమాలి కొండ ఎక్కడానికి వెళ్లిపోతారు. ఆ పసుపంతా వలిసె చేను. ఎవరో వానాకాలం చివర్లో దున్ని చల్లుకున్న పంట, ఇంకో నెలన్నర పోతే కోసి కొట్టి గానుగ ఆడించి ఇంటికి ఏడాదికి సరిపడా నూనె తీసుకుంటారు, మిగిలింది సంతకి తెస్తారు. వలిసె పువ్వు గింజ కట్టాలంటే తేనెటీగ రావాలి, అది వాలే టైంలో మనం చేల్లోకి దిగి తొక్కుతాం. అరకు వైపు కొన్నిచోట్ల రైతులు ఫొటోకి ఇంత అని డబ్బులు తీసుకోవడం మొదలెడితే అదేదో దోపిడీ అయినట్టు కొందరు బాధపడ్డారు గానీ, ఆలోచిస్తే అది పంట నష్టపరిహారం, అంతే.

కోరాపుట్ గురించి మాట్లాడేటప్పుడు ఇది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ జిల్లాకి ప్రపంచ స్థాయి గుర్తింపు ఒకటి ఉంది, అది కొండలకో జలపాతాలకో కాకుండా ఇక్కడి సేద్యానికి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అదే ఎఫ్‌ఏఓ, 2002లో ఒక కార్యక్రమం మొదలెట్టింది, తరతరాలుగా జనం చేస్తున్న వ్యవసాయమే ఒక ప్రాంతం రూపాన్ని తయారుచేసి, అక్కడి విత్తనాన్నీ నీళ్లనీ అడవినీ కాపాడుతూ వస్తుంటే దాన్ని వ్యవసాయ వారసత్వంగా గుర్తించడం. మన దేశంలో అలాంటివి మూడే ఉన్నాయి: కశ్మీర్ కుంకుమపువ్వు, కేరళలో సముద్రమట్టం కంటే కింద వరి పండించే కుట్టనాడు, ఇంకోటి కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయం. 2012 జనవరిలో భువనేశ్వర్‌లో సైన్స్ కాంగ్రెస్ జరిగినప్పుడు అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా ఆ గుర్తింపు పత్రం ఇచ్చారు. కశ్మీర్ కుంకుమపువ్వు అందరికీ తెలుసు, కుట్టనాడు పడవల పుణ్యమా అని తెలుసు, మన సరిహద్దు మీదే ఉన్న కోరాపుట్ సంగతి మాత్రం చాలామంది తెలుగువాళ్లకి తెలీదు, అదే తమాషా. 1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ జిల్లా ఏజెన్సీయే, జయపురం రాజావారి జమీందారీయే. జయపురం, కోరాపుట్, సునాబెడ బజార్లలో ఇప్పటికీ తెలుగులో బేరమాడొచ్చు.

వెళ్లేవాళ్లకి మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. నేషనల్ పార్క్ అయితే గేటు ఉంటుంది, టికెట్ ఉంటుంది, లోపలికి వెళ్లాం బయటికి వచ్చాం అని తెలుస్తుంది. దీనికి అలాంటిదేం లేదు. ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో చెప్పే గీత లేదు, బస్సు దిగి వారసత్వ వ్యవసాయం ఎక్కడండీ అని అడిగితే ఆటో అతను జగన్నాథ గుడి దగ్గరకో దుడుమ జలపాతానికో తీసుకెళ్లి దింపుతాడు. దుడుమ బ్రహ్మాండంగా ఉంటుంది, దాదాపు 175 మీటర్ల పైనుంచి దూకుతుంది, చూడొద్దని ఎవరూ అనరు, కానీ చూడాల్సిన అసలు సరుకు దారి పొడుగునా కిటికీలోంచి పోతూనే ఉంటుంది. తెలియకపోతే ఏవో పొలాలు అనుకుంటాం.

కోరాపుట్ పొలాన్ని పైనుంచి కిందికి చదవాలి. కొండ నెత్తి, వాలు, కింద మెట్ట, దాని కింద పల్లం, అట్టడుగున గెడ్డ అంటే కొండవాగు, ఒక్కోదానికి ఒక్కో పేరు ఒక్కో పంట ఒక్కో కాలం. ఇక్కడి గిరిజనులంతా ఒకరితో ఒకరు మాట్లాడుకునే దేశియా ఒడియాలో వాలుని డొంగర్ అంటారు, మధ్యస్తంగా ఉండే పొలాన్ని బెడా అంటారు, గెడ్డలో కట్టిన మడిని ఝోలా అంటారు. డొంగర్ మీద మనం పోడు అనేది చేస్తారు, ఒకే చేలో చోళ్లు (రాగులు), సామలు, కందులు, వలిసెలు, ఆముదం కలిపి వేస్తారు. ఊరికే కలగాపులగంగా చల్లేశారు అనిపిస్తుంది గానీ అందులో పెద్ద లెక్క ఉంది, ఒకటి ముందు కోతకొస్తే ఇంకోటి తర్వాత వస్తుంది, వాన ఎగ్గొడితే సామలైనా దక్కుతాయి, మొత్తానికి ఇంట్లో ఏదో ఒక గింజ ఉంటుంది. ఒక్క పంట మీద అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టి అది పోతే తల పట్టుకునే మన పద్ధతికీ దీనికీ చాలా తేడా ఉంది.

ఝోలా దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే కోరాపుట్ అంటే నిజానికి అదే. రెండు కొండల మధ్య సన్నగా గెడ్డ పారుతుంటుంది కదా, దానికి అడ్డంగా రాళ్లు పేర్చి మట్టి మెత్తి చిన్న గట్టు కడతారు. మొదటి ఏడాది దానివెనక ఏమీ ఉండదు, రాళ్లగుంట, అంతే. వాన పడినప్పుడు పైన వాలు మీదనుంచి కొట్టుకొచ్చే ఒండ్రు ఆ గట్టు దగ్గర ఆగుతుంది, మరుసటి ఏడు గట్టు ఇంకో జానెడు ఎత్తు పెంచుతారు, మళ్లీ ఒండ్రు నిండుతుంది, అలా ఏళ్ల తరబడి నింపుకుంటూ పోతే గెడ్డ ఉన్నచోట చదునైన మడి తయారవుతుంది. దానికింద ఇంకోటి, ఆ కింద ఇంకోటి, మెట్లు మెట్లుగా దిగుతూ పోతాయి, పైన గదంత చిన్నవి, కిందికొచ్చేసరికి వెడల్పుగా. గెడ్డ నీళ్లని ఒక పక్కకి కాలవలా మళ్లించి, లేదంటే పై మడి నిండాక కింది మడిలోకి జారేలా గట్టుకి ఒక చిన్న దారి వదిలి పంపుతారు. ఆ దారిలో రాళ్లు పేర్చకపోతే నీళ్లు దూకినచోట గుంట పడి గట్టు కూలిపోతుంది, ఆ పేర్చడంలోనే ఉంది పనితనమంతా. దీనికి ఇంజనీరు లేడు, బిల్లు లేదు, కానీ ప్రతి వానాకాలం తర్వాత ఎవరో ఒకరు వెళ్లి జారిన రాయి మళ్లీ పెట్టకపోతే ఐదారేళ్లలో అంతా మళ్లీ గెడ్డ అయిపోతుంది. తాతలు కట్టింది అంటాం గానీ నిజానికి ఏటా కడుతూనే ఉంటారు.

ఇంకో విషయం, డొంగర్ పోగొట్టుకున్న మట్టిని ఝోలా పట్టుకుంటుంది. పోడు వల్ల కొండ కరిగిపోతోంది అని ఎప్పుడూ అంటుంటారు, అందులో నిజం ఉంది, కానీ ఈ రెండిటినీ విడదీసి చూస్తే బొమ్మ సగమే కనబడుతుంది. ఒకప్పుడు ఒక వాలుని దున్నాక పదేళ్లకి పైగా వదిలేసేవారు, అడవి మళ్లీ లేచేది, కిందికి వచ్చే మట్టి మడికి ఎరువులా పనికొచ్చేది. ఇప్పుడు జనం పెరిగారు, భూమి తగ్గింది, రెండు మూడేళ్లకే మళ్లీ అదే వాలు దున్నాల్సి వస్తోంది, అప్పుడు ఒండ్రుతోపాటు ఇసక కూడా వస్తుంది, ఇసక మేట వేసిన ఝోలా మడి మళ్లీ మడి కావాలంటే చాలా కష్టం. బ్యాలెన్స్ తప్పింది ఎక్కడ అంటే అక్కడ.

నీళ్ల సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. ఇక్కడ కొండల పేర్లు చూడండి, దేవమాలి, పంచపట్‌మాలి, కొడింగమాలి. మాలి అంటే నెత్తి చదునుగా ఉండే కొండ. ఆ చదును నెత్తి మీద బాక్సైట్ పొర ఉంటుంది, అది స్పాంజిలాగా వాన నీళ్లని పీల్చుకుని కింద ఊటలుగా నెమ్మదిగా వదుల్తుంది, ఏడాది పొడుగునా గెడ్డలు పారేది అందుకే, వేసవిలో కూడా కొన్ని ఝోలాల్లో రెండో వరి కనబడేది అందుకే. ఆ కింద ఉండే రాయిని భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అంటారు, ఇక్కడి కోందు గిరిజనుల పేరు మీదే పెట్టారు, ప్రపంచమంతా ఆ రాయిని ఆ పేరుతోనే పిలుస్తుంది. ఇక బాక్సైట్ అంటే అల్యూమినియం. పంచపట్‌మాలి మీద 1980ల నుంచి గని నడుస్తోంది, దామన్‌జోడిలో రిఫైనరీ ఉంది, మన వైపు నుంచి వెళ్లి అక్కడ ఉద్యోగం చేసుకుని స్థిరపడిన కుటుంబాలు బోలెడు. గని వల్ల బతికేవాళ్లూ ఉన్నారు, ఊట ఎండితే బతకలేమనేవాళ్లూ ఉన్నారు, రెండు మాటలూ ఒకే బస్సులో వినిపిస్తాయి.

సరే, వరి. కోరాపుట్ పేరు శాస్త్రవేత్తల్లో మోగింది దీనివల్లే. 1955 నుంచి 1959 దాకా కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థ వాళ్లు జయపురం ప్రాంతమంతా తిరిగి ఊరూరా వరి రకాలు సేకరించారు, ఎస్. గోవిందస్వామి ఆధ్వర్యంలో, 1,745 నమూనాలు. ఒక్క కొండ ప్రాంతంలో. అడవి వరి కూడా పక్కనే పెరుగుతుండడం, పెంపుడు వరికీ అడవి వరికీ మధ్యలో ఉండే రకాలు దొరకడం చూసి, వరి కొత్త కొత్త రూపాలు తీసుకున్న చోట్లలో జయపురం ఒకటి అనీ, ఆస్ అనే తక్కువ కాలపు వరి జాతి ఇక్కడే రూపు దిద్దుకుందనీ నిపుణులు ప్రతిపాదించారు. ఆ తర్వాత ఎఫ్‌ఏఓ గుర్తింపు కోసం రాసిన వివరాల్లో వరి రకాలు 340 అని ఉంది, వాటితోపాటు 8 రకాల చిరుధాన్యాలు, 9 రకాల పప్పుధాన్యాలు, 5 నూనెగింజలు. నమూనాల లెక్కా రకాల లెక్కా ఒకటి కాదు, ఒకే రకం రెండు ఊళ్లలో రెండు పేర్లతో ఉండొచ్చు, అయినా సరే, జారిపోయింది చాలానే అని అర్థమవుతుంది. ఇప్పుడు పొలంలో నిజంగా వేస్తున్నవి ఇంకా తక్కువ.

ఇన్ని రకాలు ఎందుకు అని అడగొచ్చు. పైన చెప్పిన మెట్లే కారణం. పై మెట్టలో నీళ్లు నిలవవు, అక్కడ సెప్టెంబర్‌కల్లా కోతకొచ్చే వరి కావాలి, పైగా ఇంట్లో గింజ నిండుకునే టైం కూడా అదే. మధ్య బెడాలో ఇంకొంచెం ఆలస్యంగా వచ్చేది కావాలి. ఝోలాలో మోకాలిదాకా బురద, చల్లటి ఊటనీళ్లు, అక్కడ ఐదు నెలలు నిలబడి డిసెంబర్ దాకా ఆగే పొడుగు వరి కావాలి, గడ్డి కూడా బాగా రావాలి, ఇంటి కప్పుకీ పశువులకీ అదే. పైపెచ్చు ఒకటి అంబలికి బాగుంటుంది, ఒకటి అటుకులకి, ఒకటి పండగకి, ఒకటి ఇంట్లో పులియబెట్టుకునే లండా అనే బియ్యపు కల్లుకి. ఒక రకం అన్నిటికీ పనికిరాదు కాబట్టే వందల రకాలు బతికాయి, ఎవరో మ్యూజియంలో పెడదామని దాచినవి కావు. పేర్లు కూడా చూడముచ్చటగా ఉంటాయి, మచ్ఛకంట అంటే చేపముల్లు, హళదిచుడి పేరులోనే పసుపు ఉంది, కళాజీరా అంటే నల్ల జీలకర్ర, ఉమురియాచుడి, ముక్తాబలి, ఇలా.

విత్తనం దాచేది ఎక్కువగా ఆడవాళ్లు. కోతకి ముందు చేలో తిరిగి బాగా కట్టిన, కల్తీ లేని వెన్నులు ఏరి విడిగా కోస్తారు, యంత్రంలో వేయరు, కాలితో తొక్కి చేత్తో దులిపి గింజ తీస్తారు, బాగా ఎండబెట్టి గడ్డితో గుండ్రంగా మూటలా చుట్టి తాళ్లు బిగిస్తారు. మన ఉత్తరాంధ్రలో ధాన్యానికి పురి కడతారు కదా, దానికి చిన్న చెల్లెలు అనుకోండి. ఆ మూటని పొయ్యి పైన అటక మీద పెడతారు, రోజూ పొగ తగులుతూ ఉంటుంది, పురుగు పట్టదు. నల్లగా మసిబట్టిన ఆ మూట చూస్తే ఎవరైనా పాత చెత్త అనుకుంటారు, కానీ ఊరికి అదే బ్యాంకు, పక్కింటివాళ్లకి విత్తనం పోతే అందులోంచే అప్పిస్తారు, వాళ్లు పంటొచ్చాక కొంచెం ఎక్కువ కలిపి తిరిగిస్తారు.

ఈ పని మీదే పేరు తెచ్చుకున్న మనిషి కమలా పూజారి. జయపురం దగ్గర పత్రాపుట్ ఊరు, పరజా తెగ, చదువు లేదు, వందకి పైగా వరి రకాలు పోగుచేసి కాపాడింది. 2002లో జొహన్నెస్‌బర్గ్‌లో ఈ ప్రాంత గిరిజనులకి ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ఇనిషియేటివ్ అవార్డు వచ్చినప్పుడు ఆమే వెళ్లింది, 2018లో ఒడిశా ప్లానింగ్ బోర్డులో సభ్యురాలిని చేశారు, 2019లో పద్మశ్రీ. 2024 జులైలో చనిపోయింది. తర్వాతి తరంలో కుందుర వైపు రైమతి ఘియురియా, భూమియా తెగ, చిరుధాన్యాల విత్తనాలకి పేరు, 2023లో ఢిల్లీ జీ20 సమావేశం దాకా వెళ్లి వచ్చింది. వీళ్లకి శాస్త్రం వైపునుంచి చేయందించింది ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, జయపురంలో వాళ్ల కేంద్రం ఉంది, విత్తన బ్యాంకు మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లు ముందే మాట్లాడుకుని వెళ్తే మంచిది, పిక్నిక్‌లా వెళ్లి అన్ని డబ్బాలూ తీయించడం భావ్యం కాదు.

ఇక్కడే అసలు చిక్కుముడి. వారసత్వం అని గుర్తించారు సరే, కాపాడేది ఎవరు? ఈ గుర్తింపుకి చట్టబలం లేదు. పులుల అభయారణ్యంలో చెట్టు కొడితే కేసు అవుతుంది, ఇక్కడ రైతు దేశవాళీ వరి మానేసి హైబ్రిడ్ వేస్తే, మెట్టలో కాగితం మిల్లుల కోసం నీలగిరి చెట్లు నాటితే ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. వాళ్ల భూమి, వాళ్ల పొట్ట. నీలగిరి నాలుగైదేళ్లకి చేతికి మొత్తంగా డబ్బు ఇస్తుంది, పెళ్లికో ఆసుపత్రికో పనికొస్తుంది, సామలు ఇవ్వవు. వారసత్వం పేరు చెప్పి రైతుని పేదగా ఉంచడం ఏ రకంగానూ న్యాయం కాదు, పర్యాటకుడి ఫొటో బాగా రావడానికి ఎవరూ తక్కువ దిగుబడి భరించక్కర్లేదు. చట్టం ఇచ్చింది ఒక్కటుంది, 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు వేయకుండా అమ్ముకోవచ్చు. హక్కు ఉంది, గిట్టుబాటే ఉండాలి.

గిట్టుబాటు వైపు కదలిక వచ్చింది కూడా. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ మొదలెట్టి చోళ్లని మద్దతు ధరకి కొనడం ఆరంభించింది, 2024-25లో ఆ ధర క్వింటాలుకి 4,290 రూపాయలు. ఒకప్పుడు చోడంబలి అంటే పేదోడి తిండి అని మొహం తిప్పుకున్న ఊళ్లలో చోళ్ల మడికి మళ్లీ విలువ వచ్చిందంటే ముందు కారణం ఈ కొనుగోలే, ఆ తర్వాతే ఆరోగ్యం గోల. 2024 జనవరిలో కోరాపుట్ కళాజీరా బియ్యానికి, ఇది ఈ ప్రాంతానిదే అని చెప్పే జీఐ ట్యాగ్ వచ్చింది. ఇక కాఫీ, దాని కథ వేరు. 1930లలో జయపురం రాజు మొదలెట్టినా, ఎక్కువగా పెరిగింది మాచ్‌ఖండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి మట్టి పరిరక్షణ శాఖ 1950ల చివర్లో తోటలు వేయడంతో. మాచ్‌ఖండ్ విద్యుత్ 1955 నుంచి ఆంధ్రా, ఒడిశా పంచుకుంటున్నాయి, మన ఇళ్లలో బల్బు వెలిగిన దానికి అటు కొన్ని ఊళ్లు, వాటి మంచి ఝోలాలు నీళ్లకింద పోయాయి. ఈ ముక్క టూరిజం బ్రోచర్లలో ఉండదు.

వెళ్లడం విషయానికొస్తే, ఏం చూడాలి అన్నదానికంటే ఎప్పుడు వెళ్తున్నాం అన్నదే ముఖ్యం. జులై, ఆగస్టుల్లో వెళ్తే ఝోలాల్లో ఊడ్పులు, వాన మాత్రం చంపేస్తుంది, ఘాట్‌లో మంచుకి ముందు బండి కనబడదు. అక్టోబర్ చివర నుంచి చోళ్ల కోత, వలిసె పూత. డిసెంబర్‌లో ఝోలా వరి కోతకొస్తుంది, కళ్లాలు సందడిగా ఉంటాయి, పొద్దున్నే చలి ఎముకలు కొరికేస్తుంది. చైత్రంలో పొలం చాలామటుకు ఖాళీ, కానీ చైత్ పర్బ్ నెల, అరకు వైపు ఇటుకల పండగ ఎలాగో ఇక్కడ అలాగ, ఆడామగా డప్పులతో డాన్సులతో ఊళ్లు ఊగిపోతాయి, వేట, విత్తన పూజ అన్నీ అప్పుడే. ఏప్రిల్‌లో వెళ్లి పచ్చదనమేదీ అని నిరాశపడేవాళ్లకి ఎవరు ఏం చెప్పగలరు.

రైలు ఇష్టమైతే విశాఖ నుంచి కిరండూల్ రైలు, 1960లలో ఇనప ఖనిజం కోసం వేసిన లైను. అందరూ అరకులో దిగిపోతారు, దిగకుండా కూర్చుంటే అసలు సీన్ అక్కడి నుంచే, ట్రాక్ ఎత్తులో ఉంటుంది కాబట్టి గెడ్డ మడులు మెట్లు మెట్లుగా ఎలా దిగుతున్నాయో పైనుంచి మొత్తం ఒకేసారి కనబడుతుంది, రోడ్డు మీద నుంచి అంత బాగా తెలీదు. కారులో అయితే సాలూరు దారే. ఆ దారిలోనే పొట్టంగి బ్లాక్‌లో కొటియా ఊళ్లున్నాయి, ఇరవయ్యొక్క ఊళ్లు, అటు ఒడిశాదా ఇటు ఆంధ్రాదా అని సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గొడవ, అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. చోళ్లకి మాత్రం సరిహద్దు తెలీదు, రెండు వైపులా ఒకేలా పండుతాయి.

దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో ఎత్తైన కొండ, ఇప్పుడు పైదాకా రోడ్డు ఉంది, దాంతో శని ఆదివారాలు జనం, ప్లాస్టిక్, డీజే. పైకెక్కి మేఘాలు చూసి దిగిపోయేవాళ్లు దిగేటప్పుడు ఒక్క పావుగంట కింద ఊరి దగ్గర ఆగి కొండ నుంచి గెడ్డ దాకా కళ్లు దింపి చూస్తే పైన చెప్పిందంతా ఒకే ఫ్రేములో ఉంటుంది. గట్టు మీద నడవాలనుకుంటే ఎవరినైనా అడిగి నడవండి, అది ఉత్త మట్టిగట్టు, పదిమంది బూట్లేసుకుని నడిస్తే అంచు జారుతుంది, రైతు మళ్లీ ఒక పూట పని. ఊళ్లో మధ్యలో వృత్తంగా పరిచిన రాళ్లు కనబడతాయి, గదబ గిరిజనుల ఊళ్లలో ముఖ్యంగా, అవి కూర్చోడానికి వేసిన బెంచీలు అనుకుని ఎక్కి సెల్ఫీలు దిగొద్దు, చనిపోయిన పెద్దల పేరున నిలిపిన రాళ్లు, ఊరి పంచాయితీ కూర్చునే చోటు. సంతలో గిరిజన స్త్రీల మొహం మీదకి కెమెరా పెట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు, మన అమ్మ మార్కెట్‌కి వెళ్తే ఎవరో అలా చేస్తే ఎలా ఉంటుందో అలాగే.

సంతకి మాత్రం తప్పకుండా వెళ్లాలి. శుక్రవారం సిమిలిగుడ దగ్గర కుందులి సంత, ఈ చుట్టుపక్కల ఇంత పెద్దది ఇంకోటి లేదు, అల్లం, కూరగాయలు లారీలకి లారీలు ఎత్తి మన వైపు పంపుతారు, తెలుగు వ్యాపారులు తెల్లారకుండానే దిగుతారు. పెద్ద బేరాలన్నీ ముందు వరసల్లో, వెనక్కి వెళ్తే అంచుల్లో నేలమీద గోనె పరిచి కూర్చున్న ముసలమ్మలు ఉంటారు, ముందు నాలుగైదు వెదురుబుట్టలు, ఒకదాంట్లో చోళ్లు, ఒకదాంట్లో సామలు, ఒకదాంట్లో ఉలవలు, పక్కన ఆకులో చుట్టిన ఏవో గింజలు. చోళ్లని వాళ్లు మాండియా అంటారు, వలిసెల్ని అలసి అంటారు, ఈ రెండు మాటలు వస్తే చాలు. తూకం ఉండదు, మానంతో కొలుస్తారు, కొలిచాక పిడికెడు కొసరు వేస్తారు, అది అడక్కుండానే. సూపర్‌మార్కెట్లో ప్యాకెట్‌కి మూడింతలు ఇచ్చి కొనేవాళ్లు ఇక్కడ పది రూపాయల దగ్గర బేరం మొదలెట్టడం చూస్తే కొంచెం సిగ్గేస్తుంది.

తిండి విషయంలో హోటళ్ల మీద ఆశ పెట్టుకోకూడదు, జయపురం హోటల్లో మీల్స్ అడిగితే మిల్లు బియ్యమే వడ్డిస్తారు, వారసత్వం ప్లేటులోకి ఇంకా రాలేదు. మాండియా పెజ్, అంటే మన చోడంబలే, సంతలో సత్తు గిన్నెతో అమ్ముతారు, పచ్చిమిర్చి ఉల్లిపాయ నంచుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలి అనదు. జీలుగు కల్లు కూడా ఉంటుంది, వాళ్లు సలప్ అంటారు, పొద్దున్న దించింది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి అదే వేరే మనిషిని చేస్తుంది, డ్రైవింగ్ ఉన్నవాళ్లు జాగ్రత్త.

కళాజీరా కొనేటప్పుడు ఒక మోసం జరుగుతుంది, తెలుసుకుని ఉండడం మంచిది. పేరులో నల్ల అని ఉంది కదా అని జనం నల్ల బియ్యం అడుగుతారు, షాపువాడు కూడా నల్ల బియ్యం చూపించి ఇదే అంటాడు. కళాజీరాలో నల్లగా ఉండేది పొట్టు, వడ్లు జీలకర్రలాగా చిన్నగా నల్లగా ఉంటాయి, దంచితే లోపల బియ్యం తెల్లగానే వస్తుంది, సన్నగా పొట్టిగా. నల్ల బియ్యం వేరే రకం, చెడ్డదేం కాదు, కానీ ఇది కాదు. కొనే ముందు నాలుగు గింజలు అరచేతిలో నలిపి వాసన చూడాలి, ఇంటికెళ్లి వండితే ఎసరు పొంగే టైంకి పక్కింటివాళ్లు ఏం వండుతున్నారని అడగాలి. అడక్కపోతే మోసపోయినట్టే.